తిరిగిచ్చిన కాయలు

ఐదు కొబ్బరికాయలు చేతికిస్తే, చైనావాడు మూడు తీసి అరుగు మీద పెట్టేశాడు.

పెళ్ళింట్లో అందరూ అటు తిరిగారు. కూర్మనాథం ఇచ్చినదాన్ని వెనక్కిచ్చిన మనిషి అక్కుపల్లిలో అంతవరకు పుట్టలేదు. వీపున పట్టుబట్టల మూటతో ఊరూరా తిరిగే ఆ వర్తకుణ్ణి పొద్దున్న కేకేసి పిలిచింది ఆయనే. కూతురు గౌరి పెళ్ళికి పట్టు కొని, ఆకలి మీదున్నాడని అన్నం పెట్టించిందీ ఆయనే. ఐదంటే ఐదవతనం కదా, పిల్ల నూరేళ్ళు ముత్తయిదువుగా ఉండాలని, తన తోటలోని కాయల్లో మంచివి ఏరి మరీ ఐదు ఇచ్చాడు.

"ఏటిది?" అన్నాడు కూర్మనాథం.

చైనావాడు తన దగ్గరుంచుకున్న రెండు కాయలూ చూపించాడు. గౌరిని చూపించాడు. రెండు వేళ్ళు పక్కపక్కన పెట్టి నవ్వుతూ ఏదో చెప్పాడు. అది తెలుగు కాదు, ఒడియా కాదు. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అందరికీ కనబడింది మాత్రం పెళ్ళికూతురి గుమ్మం ముందు మూడు కాయలు. మన వైపు విస్తట్లో గారెలైనా మూడు వెయ్యరు.

కూర్మనాథానికి కోపం ముక్కు మీదే ఉంటుంది. "నా బిడ్డ పెళ్ళికి మూడెడతావేటిరా" అంటూ చెంప మీద కొట్టాడు. మూట ఎత్తి వీధిలోకి విసిరాడు. చైనావాడు ఇసకలో పడ్డ బట్టలు దులుపుకుని, మళ్ళీ మూట కట్టి, ఆ రెండు కాయలూ అందులో జాగ్రత్తగా పెట్టుకుని పలాస దారి పట్టాడు.

మధ్యాహ్నానికి కూర్మనాథం మేనల్లుడు బంగారయ్య పెళ్ళికి వచ్చాడు. బర్మా వెళ్ళి, రంగూన్‌లో ఒక చైనా మేస్త్రీ కింద చాలా ఏళ్ళు కలప కోసి వచ్చినవాడు. జరిగింది విని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"తప్పు సేసినావు మావా. ఆళ్ళకి సుబమంటే జంటలే. బేసి లెక్క సావింటికిత్తారు. పెళ్ళింటి నుంచి బేసి కాయలు అట్టుకెల్తే పిల్లకి కీడని తిరిగిచ్చీసినాడు."

ఇంకా చాలా చెప్పాడు. ఆ దేశంలో అంకెలకి గుణాలున్నాయట. బేసి ఆకాశానిది, సరి భూమిది, తొమ్మిది రాజుగారిదట. ఇవేవీ కూర్మనాథం చెవికెక్కలేదు. తన కూతురి మేలు కోరినవాణ్ణి, అన్నం పెట్టిన చేత్తోనే అంతమందిలో కొట్టాడు. తల కొట్టేసినట్టయింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి, ఎవరి ముఖమూ చూడలేక బండి కట్టమన్నాడు.

బంగారయ్య పందిరి పనిలో పడ్డాడు. కూర్మనాథం భార్య సరస్వతి గోనెలో కాయలు వేసి తెచ్చింది. ఆయన లెక్కపెట్టి చూశాడు. ఎనిమిది.

"అష్టకష్టాలు ఆడి నెత్తినెట్టమంటావా?" అని విసుక్కుని సగం తీసి కింద పెట్టాడు. రెండే ఇస్తే పిసినారి అనుకుంటాడు. నాలుగైతే జంటకి జంట, తప్పుకి తప్పూ తీరుతుందనుకున్నాడు.

"జంటే కావాలంటే ఒకటి తిరిగిచ్చినా సరిపోను. మూడెందుకిచ్చినాడో మరి" అంది సరస్వతి. అప్పటికే బండి కదిలింది.

పొద్దువాలే వేళకి పలాస స్టేషన్లో చైనావాడు కనబడ్డాడు. రైలు కోసం మూట మీద కూర్చుని ఉన్నాడు. కూర్మనాథాన్ని చూడగానే లేచి, చెంపకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ చెయ్యి చూసి కూర్మనాథానికి ప్రాణం చచ్చిపోయింది. తన జన్మలో ఎవరూ తనని చూసి అలా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఏమని చెప్పాలో తెలియక, కాయలు తీసి రెండు పెట్టి, వాటి పక్కన మళ్ళీ రెండు పెట్టాడు. జంటలు చూసుకొమ్మన్నట్టు రెండు వేళ్ళు కలిపి చూపించాడు. తర్వాత చేతులు జోడించి, "తప్పయిపోనాది బాబూ" అన్నాడు.

చైనావాడు ఆ కాయల వంక చాలాసేపు చూశాడు. తల ఎత్తి కూర్మనాథం ముఖం చూశాడు. కూర్మనాథం కళ్ళు తుడుచుకుంటున్నాడు. అప్పుడు చైనావాడు వంగి కాయలు తీసుకుని మూటలో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఇంటికి చేరిన కూర్మనాథం ముఖం తేటగా ఉంది. తను కొట్టిన సంగతి ఎంతమంది చూశారో అంతమందినీ పిలిచి, క్షమాపణ అడిగిన సంగతి చెప్పాడు. సిగ్గుపడాల్సింది ఏమీ మిగల్లేదనిపించింది ఆయనకి.

"ఎన్ని కాయలిచ్చినావు మావా?" అన్నాడు బంగారయ్య.

"నాలుగు. మీయత్త ఎనిమిదెట్టింది, నానే తీసీసినాను."

బంగారయ్య చేతిలోని మామిడాకుల తోరణం కిందికి జారింది.

"ఎనిమిదంటే ఆళ్ళకి మహాభాగ్యం మావా. నాలుగంటే సావు, ఆళ్ళ బాసలో రెండూ ఒక్కలాగే పలుకుతారు. నాలుగు తెచ్చి ముందరెడితే సచ్చిపొమ్మన్నట్టే. నాలుగు మిగలకూడదనే నిన్న ఒకటి కాకుండా మూడిచ్చినాడు."

సరస్వతి భర్త వైపు చూసి, చూడలేక తల తిప్పుకుంది. కూర్మనాథం అరుగు మీద, నిన్న మూడు కాయలు పెట్టిన చోటే కూలబడ్డాడు.

"పోనీ, ఎన్ని తిరిగిచ్చినాడు మావా?"

"ఒక్కటీ ఇవ్వలేదురా. నాలుగూ రెండు సేతులా పుచ్చుకుని, నాకు దండమెట్టినాడు."