నక్షత్రం కట్టిన తలుపు

బాపు చచ్చిపోతే పిడికెడు మట్టి వేయడానికి కూడా రాని తమ్ముడు ఫిలిప్, క్రిస్మస్‌కు నార్వే రమ్మని విమానం టికెట్లు పంపించాడు.

"పోదాం పా," అన్నాడు సీమోను భార్యతో. "వాని ఇంట్లనే కూసుండి, వాని తిండే తిని, వాని సంతకం గుంజుకొని వస్త. అప్పుడు సల్లబడ్తది నా కడుపు."

సంతకం దేనికో మగ్దలేనమ్మకు తెలుసు. మెట్‌పల్లి అవతల నాలుగెకరాల ఇరవై ఎనిమిది గుంటల భూమి ఇంకా బాపు పేరు మీదే ఉంది. 'నాకు వాటా వద్దు' అని తమ్ముడు రాసిస్తే అంతా సీమోనుదే. ఏడో తరగతిలో బడి మాని బాపు వెంట నాగలి పట్టింది సీమోను. చదువుకుని ఓస్లోలో కంప్యూటర్ ముందు కూర్చున్నది వాడు. పదిహేనేళ్లుగా పొలం ఒడ్డు తొక్కని వాడికి వాటా ఏమిటి? అందులోనూ రోడ్డు పక్కన, బావి ఉన్న ముక్కే కావాలట!

కాగితం రాయించి, మడిచి, బైబిల్లో పెట్టుకున్నాడు.

డిసెంబర్ పన్నెండున బయలుదేరారు. పోతూ పోతూ పక్కింటి కోమలతో చెప్పాడు. "పండుగకు తలుపు మీద నక్షత్రం కట్టు. పొద్దుగూకంగనే లైటెయ్యి."

ఓస్లోలో మూడున్నరకే చీకటి పడుతోంది. ప్రతి కిటికీలో ఒక కాగితం నక్షత్రం వెలుగుతోంది.

"ఊరు ఊరంత మన సంఘమేనా ఫిలిప్పూ?" అంది మగ్దలేనమ్మ నోరు తెరిచి.

"నక్షత్రాలైతే ఉన్నయి గని, ఆరాధనకు వచ్చేటోళ్లే లేరు వదినె," అని ఫిలిప్ నవ్వాడు.

సీమోను నవ్వలేదు. అతని పగ మొదటి రోజే మొదలైంది. గంటసేపు వేడినీళ్లు వదిలి స్నానం చేశాడు. హీటర్ పూర్తిగా పెంచి, కిటికీ తెరిచి పడుకున్నాడు. మరదలు వండిన మాంసం ముద్ద నోట్లో పెట్టుకుని, "పత్యం కూడు లెక్కుంది," అని పళ్లెం పక్కకు తోసి, మళ్లీ తనే మూడుసార్లు వడ్డించుకున్నాడు.

ఫిలిప్ కొత్త కోటు కొనిచ్చాడు. అది బిగుతుగా ఉందంటే ఇంకోటి కొన్నాడు.

ఇరవై నాలుగు సాయంత్రం నాలుగు తెలుగు కుటుంబాలు భోజనానికి వచ్చాయి. సీమోను కాచుకున్నది దీనికే.

"మా తమ్ముడు మీ దగ్గర పెద్దమనిషి గావచ్చు," అన్నాడు అందరికీ వినబడేలా. "పదేండ్ల దాక పక్కల ఉచ్చ పోసిండు. కన్నతండ్రి పోతె మట్టెయ్యనీకి రాలే."



"నాకు ఎన్నడు చెప్పినవే అన్నా?" ఫిలిప్ మెల్లగా అడిగాడు.

"నీ ఫోన్ కలవలే."

"ఎనిమిదో దినాన చెప్పినవ్. అన్ని దినాలు కలవలేదా?"

"కలిస్తె మాత్రం? నువ్వొచ్చేదాక పీనుగను పెట్టుకొని కూసోవాల్నా?"

ఫిలిప్ లేచి పాయసం గిన్నెలు తెచ్చాడు. అక్కడి ఆచారం ప్రకారం అందులో ఒకే ఒక్క బాదం పప్పు వేస్తారు. అది ఎవరి గిన్నెలో వస్తే వాళ్లకు బహుమతి. సీమోను పంటి కింద కటుక్కుమంది.

"పెద్దబాపుకే వచ్చింది!" ఫిలిప్ కూతురు మహిమ చప్పట్లు కొట్టి, బాదం, చక్కెర ముద్దతో చేసిన పందిపిల్ల బొమ్మను అతని చేతిలో పెట్టింది.

అప్పుడే సీమోను ఫోన్ మోగింది. కోమల ఫోటో పంపింది. ఇంటి తలుపు మీద నక్షత్రం ఎర్రగా వెలుగుతోంది. దాని కింద తలుపుకు అంటించిన తెల్ల కాగితం. 'గా కాగితం ఏందో, నాకు సదువు రాదాయె, తియ్యాల్నా అన్నా?' అని గొంతు రికార్డు చేసి పంపింది.

క్రిస్మస్ నెల రాగానే పాటలు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరిగే సంఘం పిల్లలు, ఆరాధన వేళలు రాసి ప్రతి విశ్వాసి తలుపుకూ అంటించి పోతారు. ఎన్నో ఏళ్ల అలవాటు.

"తియ్యకు. సంఘపోళ్లది. ఉండనీ," కళ్లద్దాలు పెట్టుకోకుండానే అన్నాడు సీమోను ఫోన్‌లో. తర్వాత అదే ఫోటో తమ్ముడి మొహం ముందు పెట్టాడు. "సూడు. నేను ఊర్లె లేకున్నా మనోళ్లు నా తలుపు మరువలే. నీకెవడున్నడురా గీడ?"

ఫిలిప్ ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"మంచిగ అంటిచ్చిన్రే అన్నా," అన్నాడు.

మర్నాడు సీమోను బైబిల్లోంచి కాగితం తీశాడు. "ఎల్లుండి మా విమానం. పెట్టు సంతకం."

"గింత జల్దేంది? టికెట్ ముప్పైకి మార్చిన. ఓడల డెన్మార్క్ పోదాం. వదినె ఓడ ఎక్కలే గద."

కానియ్, ఖర్చు వాడిదేగా అనుకున్నాడు సీమోను. ఓడలో తిన్నాడు. డెన్మార్క్‌లో తిన్నాడు. మూడు రోజులు తమ్ముడిని తిట్టుకుంటూ తిరిగాడు.

ముప్పైన విమానాశ్రయంలో సీమోను తమ్ముడి కాలరు పట్టినంత పని చేశాడు. "సంతకం ఏదిరా?"

"ఎన్నడో పెట్టినన్నా. కాగితం నీ ఇంటికాడనే ఉన్నది. ఫికర్ జెయ్యకు." ఫిలిప్ వంగి అన్న కాళ్లు మొక్కాడు.

విమానంలో సీమోను కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. "సూసినవా? నలుగుర్ల ఇజ్జత్ తీస్తె పోస్టుల పంపిండు బిడ్డ," అని భార్య మోచేతిని పొడిచాడు. చక్కెర పందిపిల్ల తలను కొరికి నమిలాడు.

ముప్పై ఒకటి సాయంత్రం ఇంటి ముందు ఆటో దిగారు. తలుపు మీద నక్షత్రం ఇంకా వెలుగుతోంది. కొత్త సంవత్సరం ఆరాధన ఎన్ని గంటలకో చూద్దామని సీమోను కళ్లద్దాలు పెట్టుకుని, కింద ఉన్న తెల్ల కాగితం దగ్గరకు వంగాడు.

అంటించిన తేదీ డిసెంబర్ పదమూడు, పైన మండలాఫీసు ముద్ర, అడుగున దరఖాస్తుదారుగా ఫిలిప్ సంతకం, మధ్యలో నాలుగే వరుసలు: పదిహేను రోజుల లోపు సీమోను స్వయంగా హాజరై అభ్యంతరం చెప్పని యెడల, తమ్ముడు కోరిన ప్రకారమే భూమి పంచి అతని పేర ఎక్కించబడును, రోడ్డు వైపున, బావితో సహా, రెండెకరాల పద్నాలుగు గుంటలు.