పటేలు రక్తం

సూది కనబడగానే భూపాల్ పటేలు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఫొటోకి చాచిన చెయ్యి, రక్తానికి చాచలేదు.

చిట్యాలలో ఉచిత క్యాన్సర్ రక్తపరీక్షల శిబిరం. ప్రారంభించింది ఆయనే. సర్పంచ్ ఎన్నికల్లో నిలబడబోయేదీ ఆయనే. సూది ముందు మాత్రం నిలబడలేకపోయాడు.

"గా లైన్లున్నోని రక్తం తీసి, నా పేరు రాయి," అన్నాడు నర్సు హరితతో, అటు చూడకుండానే వేలు చూపించి.

"తప్పు గద సార్?"

"పేరు నాది, రక్తం వేరేటోనిది. రాజకీయమంటే ఎప్పుడైనా గంతే గద బిడ్డా!"

పక్కనున్న ఆయన మనుషులు నవ్వారు. వేలు ఎవరివైపు తిరిగిందో వాడు వచ్చి, రక్తమిచ్చి వెళ్లాడు.

వారానికి డాక్టర్ ఫోన్ చేశాడు.

"మీ ట్యూమర్ మార్కర్ బాగా ఎక్కువుంది. దీంతోనే జబ్బని తేల్చలేం. వెంటనే స్కాన్ తీయాలి. జబ్బే అయితే, ఇప్పుడు పట్టుకోవచ్చు."

మార్కులు ఎక్కువొస్తే ఫెయిలయ్యే పరీక్ష లోకంలో ఇదొక్కటే. పాసైంది మాత్రం భూపాల్.

"గా మనిషిని దేవులాడుండ్రి. పానం పోతది," అంది భార్య కౌసల్య.

"దేవులాడితే నా సూది ముచ్చట బయటవడ్తది. ఎలక్షన్లు కానియ్యి."

ఎన్నికలు వాయిదా పడ్డాయి. వెతకడమూ పడింది.

ఈలోగా పటేలుకు క్యాన్సరని ఊరంతా పాకింది. ఆయన కాదనలేదు. సాగుభూమి కన్నా సానుభూతే బాగా పండింది.

ఆదివారం ఆదివారం అబ్రహాం అనే కూలీ మందిరం నుంచి నేరుగా వచ్చేవాడు. భూపాల్‌కు ముందెన్నడూ పరిచయం లేని మనిషి.

"మీకోసం ప్రార్థన జేసినం పటేలా. తగ్గుతది."

"నాకంటే నువ్వే బక్కగున్నవు గదరా! నీకోసం ఎవలు జేస్తున్నరు?"

"నాదేమున్నది. మీరు సల్లగుండాలె."

చలికాలంలో ఓట్లు పడ్డాయి. భూపాల్ గెలిచాడు. మెడలో దండలుండగానే కౌసల్య గొణిగింది.

"ఇగనన్న గా మనిషిని..."

"రేపు హరితను అడుగుత తియ్యి."

అంతలో ఒకామె వాకిట్లోకి వచ్చింది. అబ్రహాం భార్యనని, పేరు సత్తమ్మ అని చెప్పుకుంది.

"మొన్న పోయిండు పటేలా. మీకెట్లున్నదో అర్సుకొని రమ్మన్నడు."

"అయ్యో! ఏమైందే?"

"కడుపుల గడ్డ. ముదిరినంక తెలిసింది."

"మరి శిబిరంల పరీక్ష చేయించుకోలేదా?"

"చేయించుకోకేం? రోగముంటే ఫోన్ వస్తదన్నరట. రాలే. ఏం లేదనుకున్నం."

సత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"లైన్ల యాడనో ఎనకున్నోన్ని మీరే ఏలు వెట్టి పిలిసి, మీ కుర్సీల కూసోవెట్టి రక్తం తీయించిండ్లని, సచ్చేదాక మీ పేరే జెప్పిండు పటేలా."