ఎడమ పక్క తలుపు

తలుపు తీసి దర్జాగా కూర్చున్నాను. ఎదురుగా స్టీరింగ్ లేదు.

షోరూము మెట్ల మీద మా తమ్ముడు ఫరూఖ్ కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఆపా, ఇది కువైట్ కాదు, పొద్దుటూరు! స్టీరింగ్ ఆ పక్కుంటాది!"

తొమ్మిదేళ్లు కువైట్‌లో ఎడమ పక్కన కూర్చునే బండి నడిపాను. ఇంటిపనికని పోతే, తన ఆడపిల్లల్ని బడికి దింపడానికి మగ డ్రైవరు వద్దని ఆ ఇంటి మేడమే నాకు నేర్పించింది. తిరిగొచ్చాక పది రోజులు డ్రైవింగ్ స్కూలు కారు నడిపి ఇక్కడి లైసెన్సు కూడా తెచ్చుకున్నాను. అయినా నా కాళ్లు పాత తలుపు దగ్గరికే నడిచాయి.

సేల్స్‌మన్ యశ్వంత్‌కు నా పొరపాటు తెలియలేదు. ఆడమనిషి అటు కూర్చుంది కదా అని తాళం తీసుకెళ్లి ఫరూఖ్ చేతికిచ్చాడు. వీడు వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

"చిన్న బండే గానీ పికప్ శానా ఎక్కువన్నా. కుర్రోళ్లు దీనికోసం పడి సస్తాండారు. అక్కకైతే ఆ తెల్లది బాగుంటాది. గేర్ల బాధ ఉండదు."

నేను దిగాను. ఎర్రటి బానెట్ మీద చెయ్యి రాసుకుంటూ చుట్టూ తిరిగి అటు తలుపు తీశాను.

"లెయ్."

"అందరూ చూస్తాండారాపా."

"చూడనీ. లేసి ఎనక కూర్చో."

వెనక్కి మారుతూ షరతు పెట్టింది వాడే. "ఒక్క తప్పు లేకుండా తోలితే ఎర్ర బండి నీ పేరున. తప్పు చేసినావా, ఏడు సీట్ల బండి నా పేరున. పులివెందులకు బాడుగ తిప్పుకుంటా. నువ్వు మళ్లా కువైట్ పో."

డబ్బు నాది, షరతు వాడిది. ఒళ్లు మండింది. అయినా సరేనన్నాను.

యశ్వంత్ నా పక్కన కూర్చున్నాడు. గేటు దాటుతూ ఇండికేటర్ వేశాను.

ఎర్రటి ఎండలో వైపర్లు కిర్రుకిర్రుమంటూ కదిలాయి. కువైట్ బండికి ఇండికేటర్ ఎడమ చేతి కిందుంటుంది, ఇక్కడ కుడి చేతి కింద.

"వానా లేదు, మబ్బూ లేదు! అయిపోయె! తప్పు చేసినావాపా!"

"అద్దం మీద దుమ్ముంది. తుడుస్తాండా."

పొద్దున్నే కడిగిన అద్దం అది. యశ్వంత్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేను వైపర్లను ఇంకో నాలుగుసార్లు తిరగనిచ్చి తీరిగ్గా ఆపాను.

జమ్మలమడుగు రోడ్డులో ముందు నాపరాళ్ల లారీ పోతోంది.

"దాని ఎనకనే పోనీ," అన్నాడు ఫరూఖ్. "ముందుకు పోవద్దాపా. నా మాట విను."

ఎదురుగా చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది. మూడో గేరుకు దించి యాక్సిలరేటర్ తొక్కాను. బండి ఒక్క ఉరుకు ఉరికింది. ఫరూఖ్ రెండు చేతులతో నా సీటు పట్టుకున్నాడు. లారీ వెనక చూసే అద్దంలోకి వెళ్లి చిన్నదైపోయింది.

అబ్బ, ఎంత బాగుందో.

పెట్రోలు బంకు దాటాక రోడ్డు పక్కన ఆపాను.

"సర్లేపా. ఎర్రదే తీసుకో. ఇంక బండి తిప్పు."

"నువ్విచ్చేదేందిరా?"

"అది కాదాపా, ఆ కువైట్ సంగతి..."

"ఆడికి నువ్వు పో. మేడంకు ఫోన్ చేసి చెప్తా. పిల్లోళ్లు మంచోళ్లే."

యశ్వంత్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"మామూలుగా ఈడనే తిప్పేస్తామక్కా," అన్నాడు. "నువ్వు ఇంకా తోలల్లనుకుంటే పోదాం. యాడికి పోదాం, చెప్పు."

తొమ్మిదేళ్లు నాకు దారి వెనక సీట్లోంచే చెప్పారు. బడి, మార్కెట్టు, ఆస్పత్రి, వాళ్ల చుట్టాల ఇళ్లు. యాడికి పోదామని అడిగినవాళ్లు లేరు.

"మైలవరం," అన్నాను. "డ్యాము చూడల్ల."

"ఇప్పుడా?" అన్నాడు ఫరూఖ్.

కుడి చేత్తో ఇండికేటర్ వేశాను. ఈసారి వైపర్లు కదల్లేదు.