పక్కచూపు

"కట్." దర్శకుడు హెడ్‌ఫోన్లు తీసి కుర్చీలో పడేశాడు. "మళ్ళీ అదే. ఎనిమిదో టేకు. అమ్మ కోసం వెతకవే తల్లీ అంటే కెమెరా పక్కకి చూస్తుందేం? అక్కడేముంది?"

అక్కడున్నది అసిస్టెంటు. క్లాప్ బోర్డు గుండెకి అదుముకుని నిలబడి ఉంది.

రైల్వేస్టేషన్లో ఆ పాత వెయిటింగ్ హాలు ఐదింటికల్లా ఖాళీ చేసి ఇచ్చెయ్యాలి. గోడ గడియారంలో నాలుగున్నర దాటింది. బెంచీ మీద నాలుగేళ్ళ పాప ఎర్రసంచి ఒళ్ళో పెట్టుకుని కాళ్ళూపుతోంది. అనుకున్న పాపకి పొద్దున్నే జ్వరం రావడంతో, "నాకు తెలిసిన పాపుంది సార్" అని గంటలో ఈ పిల్లని రప్పించింది అసిస్టెంటే. పాప పొద్దుట్నుంచీ చెప్పింది చెప్పినట్టే చేస్తోంది, ఆ ఒక్క చూపు తప్ప.

"నువ్వు తెచ్చిన పిల్ల. షాట్ రాకపోతే రేపట్నుంచి నువ్వూ రానక్కర్లేదు," అన్నాడు దర్శకుడు. "వాళ్ళమ్మేది?"

తలుపు దగ్గర కూర్చున్న పాప అమ్మమ్మ లేచింది. "పనిలో ఉంది బాబూ. నేనే తీసుకొచ్చా."

"మరీ మంచిది." అసిస్టెంటు వైపు తిరిగాడు. "మీ అమ్మ నిన్నొదిలేసి పోయింది, ఇక రాదు అని చెవిలో చెప్పు. అదే ఏడుస్తుంది."

ఆమె కదల్లేదు.

"ఏంటలా నిలబడ్డావ్? పిల్లలున్నవాళ్ళయితే దగ్గనీ జలుబనీ సగం రోజులు ఎగ్గొడతారు. ఏ గోలా లేనిదానివనే కదా నిన్ను పెట్టుకుంది."

"ఏడిస్తే షాట్ పాడవుతుంది సార్. ఆరేళ్ళు జూనియర్ ఆర్టిస్టుగా చేశాను. శవం పక్కన ఏడవమంటే అందరం గొల్లుమనేవాళ్ళం. ఓసారి ఒక పెద్దావిడ మాత్రం ఏడుపు దిగమింగుకుంటూ నిలబడింది. కెమెరా మమ్మల్నందర్నీ వదిలేసి ఆవిడ దగ్గరికెళ్ళింది."

"నాకే పాఠాలా?"

"ఒక్క టేకు ఇవ్వండి. క్లాప్ ఇంకెవరైనా కొడతారు. నేను బయటుంటాను."

"నువ్వు బయటుంటే ఏమొస్తుంది?"

"పక్కకి చూడ్డానికి ఏమీ ఉండదు సార్."

ఆమె పాప ముందు గొంతుక్కూర్చుంది. చెదిరిన జుట్టు చెవి వెనక్కి సర్దింది. "ఇంకొక్కసారి వెతుకుదాం. ఏడవక్కర్లేదు. సరేనా?"

"సరే ఆంటీ."

ఆమె వెళ్ళి టికెట్ల గది చెక్కతలుపు వెనక నిలబడి, సందులోంచి చూసింది.

"యాక్షన్."

పాప అలవాటుగా కెమెరా పక్కకి చూసింది. అక్కడెవరో కొత్తమనిషి. కాళ్ళూపడం ఆగింది. బెంచీ దిగింది. సంచి జారిపడినా తీసుకోలేదు. కిటికీ, తలుపు, మళ్ళీ కిటికీ. కింది పెదవి వణికితే పళ్ళతో గట్టిగా నొక్కిపట్టింది. దర్శకుడు కట్ చెప్పడే.

తలుపు వెనక అసిస్టెంటు గోళ్ళు చెక్కలో దిగబడ్డాయి. కాళ్ళు వాటంతటవే ముందుకు పోతుంటే గడియ పట్టుకుని ఆపుకుంది. ఒకటి, రెండు, మూడు... పదకొండు దాకా లెక్కపెట్టింది.

"కట్. ఓకే."

అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చి పాపని ఎత్తుకుంది ఆమె.

దర్శకుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వచ్చే సినిమాకి నా పక్క కుర్చీ నీది. మూణ్ణెల్లు బయటే తిరగాలి. ఇంట్లో అడిగేవాళ్ళెవరూ లేరుగా?"

ఆమె వంగి, కిందపడ్డ ఎర్రసంచి తీసుకుంది.

లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. పాప రెండు చేతులూ ఆమె మెడ చుట్టూ వేసి, చెవిలో గుసగుసగా అడిగింది.

"ఇప్పుడు నిన్ను అమ్మా అనొచ్చా?"