శాంతిరాజు గొంతు

మారికుప్పం దగ్గర బంగారు గనుల తెల్లదొర కట్టించిన బంగళాను ఊళ్లోవాళ్లు ప్యాలెస్ అంటారు. ఇప్పుడది మ్యూజియం. హెడ్‌ఫోన్ పెట్టుకొని గది నంబరు నొక్కితే తెలుగులో వివరం చెప్పే గొంతు శాంతిరాజుది. ముప్పై ఏళ్లు గనిలోకి దిగినవాడు. ఆ మాటలు రికార్డు చేసిన ఏడాదికే ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు.

ఆ గొంతు వినాలనే అతని భార్య ఫిలోమినా ఒక సాయంత్రం అక్కడికి వచ్చింది. అప్పటికే చీకటి పడుతోంది.

"బిరీన చూసి వచ్చేయమ్మా, బీగం వేయాల," అన్నాడు కాపలాదారు మునిశామప్ప.

దొరసాని పియానో గురించి హెడ్‌ఫోన్‌లో మొగుడు బడిపిల్లాడిలా అప్పజెబుతుంటే ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చివరి గదిలో వివరం అయిపోయింది. హెడ్‌ఫోన్ తీయబోతుంటే అందులో ఎవరో దగ్గిన చప్పుడు.

"ఫిలో, వచ్చినావా? ఈడ శానా చీకటిగా ఉండాది."

"యాడుండావయ్యా?" అంది.

ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఆఖరి రోజుల్లో ఆమె రాత్రంతా పక్కన కూర్చొని విన్న గరగర అది.

"అమ్మా, పోయినావా?" వరండాలోంచి మునిశామప్ప కేకేశాడు. ఒక్కొక్క తలుపే మూసుకుంటూ వస్తున్నాడు.

ఫిలోమినా నేలమీద కూర్చొని హెడ్‌ఫోన్‌ను రెండు చేతులా చెవులకు అదుముకుంది.

"నేనుండాను. మాట్లాడు," అంది.