ఇంటావిడకో పార్సిల్

మఫ్లరాయన సంచిలోంచి స్టీలు డబ్బా తీసి కౌంటరు మీద పెట్టాడు.

"పాస్తా ఒకటి పార్సిల్ కట్టించమ్మా."

"పాస్తాకి పార్సిల్ లేదండీ," అంది హోటలావిడ.

"మిగతావన్నీ కడుతున్నారుగా?"

"అవి కడతాం. ఇది కట్టం. చల్లారితే బాగోదు."

చల్లారడం సాకు. అసలు సంగతి వేరు.

ముందుగదిలో హోటలు, వెనకగదిలో కాపురం ఆమెవి. ఇల్లు అద్దెది. ఓనరమ్మ మొహం ఆమె ఎన్నడూ చూడలేదు. ఏ మాటైనా ఏజెంటు ద్వారానే. ఈ చలికాలంతో గడువు తీరిపోతుంది. పెద్దవీధి రెస్టారెంటు వాళ్లు ఇదే ఇంటి కోసం తిరుగుతున్నారని ఏజెంటు చెవిన వేశాడు.

ఇల్లు పోతే బతుకుతెరువూ పోతుంది, తలదాచుకునే చోటూ పోతుంది. చేతిలో మిగిలే సరుకల్లా ఆ పాస్తా ఒక్కటే.

చలికాలపు కూరగాయలతో చేసేది. గుమ్మడికాయ, వెల్లుల్లి మెత్తగా మగ్గనిచ్చి, పాస్తా ఉడికిన నీళ్లు పోసి చిక్కటి గుజ్జు చేస్తుంది. అందులో కాలీఫ్లవర్, క్యారెట్, పచ్చిబఠాణీ. పైన దంచిన మిరియాలు. వణుకుతూ వచ్చినవాళ్లు స్వెటర్లు విప్పి చేత పట్టుకుని వెళ్లేవారు.

అంత సరుకున్న దుకాణానికి కన్నం వేసేవాడు రాకుండా ఉంటాడా? ఒక్క పార్సిల్ చేతికి చిక్కితే చాలు, పెద్దవీధి రెస్టారెంటు వాళ్లు వంట గుట్టు లాగేస్తారు.

"ఈయన వాళ్ల మనిషే వదినా," అన్నాడు వడ్డన చూసే మరిది. "రోజూ వంటగది తలుపు పక్కనే కూర్చుంటాడు. తినడానికొచ్చినవాడైతే కిటికీ పక్కన కూర్చోడూ?"

"పొయ్యి వెచ్చదనం తగులుతుందనేమో."

"మఫ్లరుందిగా!"

అనుమానం అద్దె కట్టదు. అలాగని ఖాళీ కూడా చెయ్యదు. ఆమె మనసులో ఆ రోజే సామాన్లు దింపుకుంది.

మర్నాడు మఫ్లరాయన తింటూ తింటూ అడిగాడు.

"ఈ పసుపు రంగు గుమ్మడికాయదేనా అమ్మా?"

"కాదు. వంటపసుపు."

"మరి తియ్యగా ఉందే?"

"తియ్యటి పసుపు."

లోపల మరిది నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"మిరియాలు తగ్గిస్తే రుచి పోతుందా? జ్వరపడి లేచినవాళ్లు తినొచ్చా?"

"ఎవరికండీ జ్వరం?"

ఆయన తడబడ్డాడు. "ఉన్నార్లెండి... ఒకరు."

"మీవాళ్లా?"

"నాకెవరున్నారమ్మా? పెళ్లే చేసుకోలేదు. రోజూ హోటలు తిండే."

పేరు చెప్పని రోగిని ఆమె నమ్మకం ఖాతాలో వేసుకోలేదు.

ఆ వారంలోనే ఆయన దొరికిపోయాడు. బల్ల కింద డబ్బా పెట్టుకుని, ప్లేటులో పాస్తా అందులోకి వంచుతుంటే మరిది వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"కొనుక్కున్నదే కదయ్యా! నేను తినకుండా పట్టుకెళ్తే తప్పా?"

"ఎవరికి పట్టుకెళ్తున్నారు?"

మఫ్లరాయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఇంటావిడకి."

మరిది పగలబడి నవ్వాడు. "మొన్ననేగా పెళ్లే కాలేదన్నారు! ఇంతలోకే ఇంటావిడ ఎక్కణ్ణుంచి ఊడిపడిందండీ?"

"ఆ ఇంటావిడ కాదు బాబూ..."

"ఓహో! ఇంకో ఇంటావిడ కూడానా?"

హోటలంతా గొల్లుమంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

హోటలావిడ డబ్బా లాక్కుంది. పాస్తా తిరిగి ప్లేటులోకి గుమ్మరించి, ఖాళీ డబ్బా ఆయన చేతికిచ్చింది.

"మేం తినేవాళ్లకి వండుతాం. మోసుకుపోయేవాళ్లకి కాదు."

"ఒక్క గరిటెడమ్మా. మీ మంచికే."

"మా మంచి మేం చూసుకుంటాం."

ఆయన మళ్లీ రాలేదు. నష్టం గుమ్మందాకా వచ్చి వెనక్కి మళ్లిందని ఆమె ఊపిరి పీల్చుకుంది.

చలి తగ్గే వేళకి ఏజెంటు కబురు తెచ్చాడు. ఓనరమ్మ రెస్టారెంటు వాళ్లకే మాట ఇచ్చేసింది.

మూటలు కట్టేసిన రోజున ఏజెంటు వెంట ఒక పెద్దావిడ చేతికర్ర పోటేసుకుంటూ వచ్చింది. జబ్బున పడి లేచిన మనిషని చూస్తేనే తెలుస్తోంది.

"ఓనరమ్మగారు. తాళాలు తీసుకోవడానికొచ్చారు," అన్నాడు ఏజెంటు.

అన్నం వేళ. పొయ్యి మీద తమ కోసం వండుకున్న పాస్తా ఉంది. గుమ్మంలోకి వచ్చినవాళ్లకి పెట్టకుండా పంపడం హోటలావిడకి చేతకాదు. ప్లేటు పెట్టింది.

పెద్దావిడ మెల్లగా తింది. చివరి బఠాణీ కూడా వదల్లేదు.

"మంచాన పడ్డాక నా నోటికి ఏదీ హితవు కాలేదమ్మా. ఇది ముందే తినుంటే వాళ్లకి మాట ఇచ్చేదాన్నే కాదు."

"ఒక్క కబురు పంపితే నేనే తెచ్చిపెట్టేదాన్ని కదండీ!"

"నాకని తెలిస్తే వేరేగా వండుతావు. జనానికి రోజూ ఏం పెడుతున్నావో అదే తిని చూద్దామనుకున్నాను. అందుకే నా పేరెత్తొద్దని ఒట్టేయించుకుని, మా మేడగదిలో అద్దెకుండే ఆయన్ని పంపాను. మఫ్లరు వేసుకుంటాడు, ఒంటరి మనిషి. మరీ అడిగితే 'ఇంటావిడకి' అన్నాడట. అయినా ఖాళీ డబ్బాతోనే తిరిగొచ్చాడు. గరిటెడు పెట్టనివాళ్లు నా ఇల్లేం చూసుకుంటారనుకున్నాను."

మరిది చేతిలో మూట కింద పెట్టేశాడు. వదిన మొహం చూడలేకపోయాడు.

హోటలావిడ అడిగింది. "అయితే... ఆయన రెస్టారెంటు వాళ్ల మనిషి కాదా?"

"వాళ్ల మనిషా?" పెద్దావిడ ఆశ్చర్యపోయింది. "ఈ ఇల్లు నీకే ఉంచాలని నా మంచం పక్కన కూర్చుని రోజూ నాతో పోట్లాడింది ఆయనొక్కడే తల్లీ!"