వాయుపుత్రుడికి రెండు మొక్కులు

"ఎదురుగాలి రావాలి స్వామీ! గట్టిగా రావాలి!"

డాక్టర్ సూర్యప్రకాశరావు చేతులు జోడించి, అందరికీ వినపడేలా మొక్కుకున్నాడు. పక్కనే ఉన్న భార్య విజయశ్రీ ఉలిక్కిపడింది.

"కన్నకొడుక్కి ఎదురుగాలి కోరుకునే తండ్రిని మిమ్మల్నే చూశానండీ!"

పేషెంట్లకి తప్ప ఇంకెవరికీ దేన్నీ వివరించి చెప్పే అలవాటు ఆయనకి లేదు.

మిషిగన్ ఉత్తరాన చిన్న ఊరది. ఊరి పక్కన మంచు కప్పుకున్న కొండ. కొండ మీద ఎత్తైన టవరు. దేశదేశాల కుర్రాళ్లు కాళ్లకి స్కీలు కట్టుకుని ఆ టవరు మీంచి జర్రున జారి, అంచు దగ్గర గాల్లోకి లేచి, ఎక్కడో కింద వాలు మీద దిగుతున్నారు. ఎంత దూరం ఎగిరితే అంత గొప్ప. ఒక్కొక్కడు దిగినప్పుడల్లా పార్కింగ్‌లో జనం కార్ల హారన్లు మోగిస్తున్నారు. ఒకపక్క బీరు, ఒకపక్క పొయ్యి మీద సాసేజ్‌లు. జాతర జాతరలాగే ఉంది. విజయశ్రీ తెచ్చిన పులిహోర మాత్రం డబ్బాలోనే గడ్డకట్టింది.

"ఇదేనా వరల్డ్ కప్పు?" అడిగాడు శేషగిరి. ఆయనా డాక్టరే, వాళ్లకి పాత స్నేహితుడు. ఈ ఆట చూడటం ఇదే మొదటిసారి.

"కాదు. దాని కింది మెట్టు. కాంటినెంటల్ కప్పు అంటారు" అన్నాడు సూర్యప్రకాశరావు.

"అంటే మన రంజీ ట్రోఫీ అన్నమాట."

"రంజీ ఆడకుండా టెస్టులకి ఎవరెళ్తారు అన్నయ్యగారూ?" అంది విజయశ్రీ చురుగ్గా.

ఆవిడకి మండదా మరి! కొడుకు అనూప్ భవిష్యత్తు ఇవాళ తేలిపోతుంది. వాడికి మెడికల్ స్కూల్లో సీటొచ్చింది. వాడేమో ఇంకో ఏడాది ఎగురుతానంటాడు. ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. చివరికి తండ్రి తీర్పు చెప్పాడు. "ఈ పోటీలో మొదటి ముప్పై మందిలో ఉంటే ఇంకో ఏడాది ఎగురు. లేకపోతే స్కీలు అటకెక్కించి మెడిసిన్‌లో చేరు." అనూప్ సరేనన్నాడు.

విజయశ్రీ ఇన్నేళ్లలో ఒక్క పోటీ కూడా చూడలేదు. భయం. వాడు ఎగిరే రోజున ఫోన్ వచ్చేదాకా దేవుడి ముందు కూర్చునేది. చిన్నప్పటినుంచీ వాణ్ని ప్రాక్టీసుకి తీసుకెళ్లింది తండ్రే గానీ, అక్కడ కార్లో కూర్చుని మెడికల్ జర్నల్స్ చదువుకునేవాణ్నని ఆయనే చెప్పేవాడు.

"మీ ఆయన లెక్క క్లియర్‌గా ఉంది చెల్లెమ్మా" అన్నాడు శేషగిరి. "వాడు ఓడితే ఇంట్లో ఇంకో డాక్టర్ రెడీ!"

అంతటితో విజయశ్రీ కూడా కళ్లు మూసుకుంది.

"ఆంజనేయస్వామీ, నువ్వు వాయుపుత్రుడివి. గాలి మీ ఇంటి సొత్తు. మావాణ్ని వెనకనుంచి తొయ్యి తండ్రీ. వడమాల వేయిస్తాను."

గుంటూరులో కాలేజీకి సైకిలు మీద వెళ్లిన మనిషి ఆవిడ. వెనకగాలి విలువేంటో ఆవిడకి ఒకరు చెప్పాలా?

"నేనూ వడమాలే మొక్కుకున్నాను" అన్నాడు సూర్యప్రకాశరావు.

"మీ వడలు ఎవరు వండుతారో నేనూ చూస్తాను!"

ఒకే దేవుడు, ఒకే నైవేద్యం, రెండు అర్జీలు. స్వామి మాత్రం ఏం చేస్తాడు పాపం!

మైకులో అనూప్ పేరు పిలిచారు. వాడు టవరు పైన, జారేముందు కూర్చునే అడ్డపట్టీ మీదకి వచ్చి కూర్చున్నాడు. వాలు పక్కన కట్టిన రిబ్బన్లు కొండ కిందివైపుకి రెపరెపలాడుతున్నాయి.

"వెనకగాలి! స్వామి నా మాటే విన్నాడు!" అంది విజయశ్రీ.

సూర్యప్రకాశరావు ముఖం వాడిపోయింది. పైన ఎర్రలైటు వెలిగింది. గాలి కుదురుకునేదాకా ఆగమన్నారు. అనూప్ కదలకుండా కూర్చున్నాడు. రిబ్బన్లు మెల్లగా వాలిపోయాయి. ఉన్నట్టుండి ఎదురు తిరిగి, టవరు వైపుకి బిర్రుగా సాగాయి.

"వచ్చింది! వచ్చిందే! వదలండ్రా బాబూ, వదలండి!"

ఇరవై ఏళ్లలో ఆయన గొంతు అంత పైకి లేవడం శేషగిరి ఎప్పుడూ వినలేదు. పచ్చలైటు వెలిగింది. విజయశ్రీ కళ్లు గట్టిగా మూసుకుంది. పాడుగాలి కొడుకు ముఖాన కొడుతుంటే చూడలేకపోయింది. భర్త ఆవిడ చెయ్యి పట్టుకుని నొక్కేస్తున్నాడు. విదిలించుకోబోయింది. ఆయన వదల్లేదు.

ఒక్కసారిగా హారన్లన్నీ మోగాయి.

కళ్లు తెరిచేసరికి అనూప్ ఎక్కడో దూరాన, కింద, రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు. పోటీ అయ్యేసరికి వాడిది ఇరవై ఏడో స్థానం.

"చూశారా!" విజయశ్రీ ఏడుస్తూ నవ్వింది. "మీ ఎదురుగాలిని చీల్చుకుని మరీ వచ్చాడు నా కొడుకు!"

సూర్యప్రకాశరావు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

కాసేపటికి అనూప్ స్కీలు భుజాన వేసుకుని వచ్చాడు. విజయశ్రీ వాణ్ని కావలించుకుని, ఊపిరైనా పీల్చుకోకుండా ఫిర్యాదు మొదలుపెట్టింది.

"మీ నాన్న ఏం చేశారో తెలుసా? నువ్వు ఓడిపోవాలని, అందరి ముందూ ఎదురుగాలి రావాలని మొక్కుకున్నారు!"

అనూప్ తండ్రి వైపు చూశాడు. ఆయన పులిహోర డబ్బా మూత తియ్యడంలో మునిగిపోయాడు. అనూప్ పగలబడి నవ్వాడు.

"అదేంటమ్మా, ముందునుంచి విండ్ వస్తేనే ఎక్కువ దూరం ఫ్లై అవుతామని నాకు ఫస్ట్ నేర్పింది నాన్నే!"